నివురు గప్పిన నక్షత్రం

అందరికీ నమస్కారం.

మన గడియారం ప్రకారం 2015 జూన్ 16, అర్ధరాత్రి దాటి ఒకటిన్నర నిమిషం. భూమి చుట్టూ తిరుగుతున్న స్విఫ్ట్ ఉపగ్రహానికి హంస మండలం వైపు నుంచి ఒక్కసారిగా ఎక్స్-కిరణాలు తగిలాయి. ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగకుండా అది భూమికి కబురు పంపింది. ఆ కబురు అందుకున్నవాళ్లు దిక్కు చూడగానే గుర్తుపట్టారు. అది కొత్త నక్షత్రం కాదు. 26 ఏళ్లుగా అణిగి ఉన్న వి404 సిగ్ని మళ్లీ మేల్కొంది.

ఆ తర్వాతి రెండు వారాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మాట్లాడతాను. అయితే నా మనసంతా అంతకుముందు గడిచిన 26 ఏళ్ల మీద ఉంది. మంట లేచినప్పుడు ఊరంతా పరుగెత్తుకొస్తుంది. నివురు కింద నిప్పు ఉందని తెలిసి, ఏళ్ల తరబడి దాని దగ్గర కూర్చున్నవాళ్లు కొద్దిమందే. ఈ నక్షత్రం గురించి మనకు గట్టిగా తెలిసినవాటిలో సగానికి పైగా ఆ కొద్దిమంది చలవే.

ముందు ఎక్స్-రే జంట తార అంటే ఏమిటో చెప్పుకుందాం. రెండు తారలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. ఒకటి మామూలు నక్షత్రం. రెండోది ఎప్పుడో ఆయువు తీరి కుంచించుకుపోయిన న్యూట్రాన్ తార, లేదా కృష్ణబిలం. రెండూ బాగా దగ్గరగా ఉంటే మామూలు నక్షత్రం పైపొరల్లోని వాయువు రెండోదాని వైపు జారుతుంది. కానీ నేరుగా వెళ్లి పడదు. తూములోకి దిగే నీరు సుడి తిరిగినట్టు, దాని చుట్టూ పళ్లెంలా పరుచుకుని తిరుగుతూ తిరుగుతూ లోపలికి దిగుతుంది. ఈ పళ్లేన్ని వాయుచక్రం అందాం. లోపలికి దిగేకొద్దీ వేగం పెరుగుతుంది, పొరలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, వేడి లక్షల డిగ్రీలకు చేరుతుంది. అంత వేడిలో వెలువడేది మన కంటికి కనిపించే వెలుగు కాదు, ఎక్స్-కిరణాలు.

వి404 సిగ్నిలో ఉన్నది కృష్ణబిలం. బరువు సూర్యుడికి సుమారు 9 రెట్లు. దాని జంట మాత్రం సూర్యుడి కంటే తేలికైనది, చల్లనిది, కానీ వయసు ముదిరి ఉబ్బిన నక్షత్రం. ఆరున్నర రోజులకు కాస్త తక్కువలో ఒక ప్రదక్షిణ పూర్తి చేస్తుంది. మనకు దూరం దాదాపు 7,800 కాంతి సంవత్సరాలు. ఇప్పుడు ఒక్క గుక్కలో చెప్పేసిన ఈ అంకెలు ఎలా దొరికాయన్నదే ఈ సాయంత్రం నా అసలు కథ.

వాయువు ఎప్పుడూ జారుతూనే ఉంటే, తార ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి కదా? మధ్యలో ఈ మౌనం ఎందుకు? దీనికి జవాబు హైడ్రోజన్ స్వభావంలో ఉంది. వాయుచక్రం చల్లగా ఉన్నంతకాలం హైడ్రోజన్ పరమాణువులు తమ ఎలక్ట్రాన్లను తమ దగ్గరే ఉంచుకుంటాయి. అప్పుడు పొరల మధ్య ఒరిపిడి తక్కువ. జంట నక్షత్రం నుంచి వచ్చిన వాయువు లోపలికి దిగలేక చక్రంలోనే పేరుకుంటుంది. ఏళ్లు గడుస్తాయి. ఎక్కడో ఒకచోట వేడి కొన్ని వేల డిగ్రీలు దాటుతుంది. అక్కడ ఎలక్ట్రాన్లు విడిపోతాయి. విడిపోయిన వాయువు వేడిని బయటికి సులువుగా పోనివ్వదు. వేడి పెరిగితే ఒరిపిడి పెరుగుతుంది, ఒరిపిడి పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది, ఆ మార్పు పక్క పొరకూ పాకుతుంది.

పల్లెలో పెరిగినవాళ్లకు చెరువు అలుగు పారడం తెలుసు, కట్టకు గండి పడడమూ తెలుసు. అలుగు పారితే ఎక్కువైన నీరే పోతుంది, చెరువు చెరువులాగే ఉంటుంది. గండి అలా కాదు. చిన్న చీలికగా మొదలవుతుంది, పారే నీరే కట్టను కోస్తుంది, కోసినకొద్దీ ఇంకా పారుతుంది. వాయుచక్రంలో జరిగేది గండి. దాన్నే ఖగోళ శాస్త్రవేత్తలు విజృంభణ అంటున్నారు. గండి పూడి మళ్లీ చెరువు నిండే కాలం ప్రశాంత దశ.

ఇక కథలోకి వస్తాను. 1938లో హంస మండలంలో ఒక నక్షత్రం ఉన్నట్టుండి వెలిగి మెల్లగా ఆరిపోయింది. అప్పటికి ఎక్స్-రే ఖగోళశాస్త్రమే లేదు. అలా వెలిగి ఆరే తారలను నోవా అనేవారు కాబట్టి దీన్నీ నోవాల జాబితాలో రాసుకుని పక్కన పెట్టారు. 1989 మే 22న గింగా అనే జపాన్ ఉపగ్రహం ఆ దిక్కులో తీవ్రమైన ఎక్స్-కిరణాలను పట్టుకుంది. పాత జాబితాలు తిరగేస్తే, అది 1938 నాటి నోవా ఉన్నచోటే ఉంది. అప్పుడు జర్మనీలోని సోన్నెబెర్గ్ వేధశాలలో పాత ఫొటో పలకలను బయటికి తీసి వెతికారు. 1956లోనూ అది వెలిగినట్టు ఒక పలక మీద తేలింది! 33 ఏళ్లు ఎవరూ గమనించని విజృంభణ, గాజు పలక మీద చిన్న చుక్కగా నిలిచి ఉంది.

ఆ పలకలు తీసినవాళ్లు ఈ నక్షత్రం కోసం తీయలేదు. ఆకాశాన్ని వరుసగా, రాత్రి వెంట రాత్రి, ఏ ప్రత్యేక కారణమూ లేకుండా ఫొటో తీస్తూ పోయారు. ఏమీ జరగని రాత్రులను కూడా భద్రపరిచిన ఆ ఓపికకు నేను ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో చెప్పలేను.

1989 విజృంభణ కొన్ని నెలల్లో చల్లారింది. పతాక శీర్షికలు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే అసలు పని మొదలైంది. వాయుచక్రం భగభగ మండుతున్నప్పుడు దాని వెలుగులో జంట నక్షత్రం కనిపించదు. పెట్రోమాక్స్ లైటు పక్కన అగరొత్తి నిప్పు కనిపించనట్టే. చక్రం చల్లారితేనే జంట నక్షత్రపు వర్ణపటం, అంటే దాని వెలుగును రంగులుగా విడదీసిన పట్టీ, బయటపడుతుంది. హోర్హె కసారెస్, ఫిల్ చార్ల్స్, టిమ్ నేలర్ ఆ మసక నక్షత్రం వర్ణపటాన్ని మళ్లీ మళ్లీ తీశారు. అందులోని గీతలు ఒకసారి ఎరుపు వైపు, ఒకసారి నీలం వైపు జరుగుతున్నాయి. అంటే నక్షత్రం మన నుంచి దూరంగా పోతోంది, మళ్లీ మన వైపు వస్తోంది. చుట్టుకు 6.47 రోజులు. వేగం సెకనుకు సుమారు 210 కిలోమీటర్లు. ఈ రెండు అంకెలు చాలు, న్యూటన్ సూత్రాలతో లెక్క కట్టవచ్చు. కంటికి కనిపించని రెండోదాని బరువు సూర్యుడికి కనీసం 6 రెట్లు ఉండి తీరాలని 1992లో వాళ్లు ప్రకటించారు. న్యూట్రాన్ తార ఎంత బరువున్నా సూర్యుడికి 3 రెట్లు మించదు. కాబట్టి అది కృష్ణబిలం. ఆనాటికి కృష్ణబిలం ఉనికికి అంత గట్టి సాక్ష్యం మరొకటి లేదు. గమనించండి, ఆ సాక్ష్యం దొరికింది నక్షత్రం గర్జించినప్పుడు కాదు, మూగబోయినప్పుడు.

దూరం కథా ఇలాంటిదే. ప్రశాంత దశలోనూ కృష్ణబిలం దగ్గర నుంచి సన్నటి రేడియో తరంగాలు వస్తూనే ఉంటాయి. భూమి సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు ఆ రేడియో చుక్క ఆకాశంలో ఎంత అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుందో 2009లో జేమ్స్ మిల్లర్-జోన్స్ బృందం కొలిచింది. 7,800 కాంతి సంవత్సరాలు అన్న అంకె అక్కడి నుంచి వచ్చింది.

ప్రశాంత దశ అన్నాను గానీ, అది నిశ్చలం అనుకోకండి. ఆ దశలో కూడా ఎక్స్-కిరణాల తీవ్రత కొన్ని గంటల్లోనే అనేక రెట్లు పెరిగి తగ్గుతుంది. కంటికి కనిపించే వెలుగులోనూ చిన్న చిన్న మెరుపులు ఉంటాయి. వాటికి అడుగున ఒక నిదానమైన లయ ఉంటుంది. కృష్ణబిలం ఆకర్షణకు జంట నక్షత్రం గుండ్రంగా ఉండలేక నీటిబొట్టులా సాగి ఉంది. తిరిగేటప్పుడు ఒకసారి దాని పక్కభాగం, ఒకసారి కొస మన వైపు ఉంటాయి. అందుకని ప్రతి చుట్టులో వెలుగు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఈ లయ తెలిసి ఉంటేనే దాని మీద వచ్చే తేడా తెలుస్తుంది. ఇంట్లో గడియారం చప్పుడు అలవాటైనవాడికే అది తప్పినప్పుడు మెలకువ వస్తుంది.

2015లో అదే జరిగింది. ఫాక్స్ టెలిస్కోప్ నార్త్ అని హవాయిలో 2 మీటర్ల దుర్భిణి ఉంది. దానితో ఒక బృందం పదేళ్లుగా ఈ నక్షత్రాన్ని చూస్తూ వచ్చింది. విజృంభణ తర్వాత వాళ్లు తమ కొలతలు సరిచూసుకుంటే, ఉపగ్రహం హెచ్చరికకు వారం ముందే నక్షత్రం మామూలు లయ కంటే ఒకటి నుంచి మూడు పదోవంతుల మాగ్నిట్యూడ్ ఎక్కువ వెలిగింది. మాగ్నిట్యూడ్ అంటే నక్షత్రాల వెలుగుకు కొలత, అంకె తగ్గితే వెలుగు పెరిగినట్టు. ఎంత చిన్న తేడా! పదేళ్ల లెక్క చేతిలో లేకపోతే ఎవరి కంటికీ ఆనేది కాదు. హెచ్చరికకు 13 గంటల ముందు, అనుకోకుండా, దాని వర్ణపటం కూడా ఒకటి దొరికింది. అప్పటికే హైడ్రోజన్ గీత మామూలు కంటే దాదాపు 7 రెట్లు బలంగా ఉంది. అంటే గండి ముందే పడింది. చక్రం లోపలి అంచు కృష్ణబిలానికి దూరంగా ఉంది కాబట్టి, ఆ ఖాళీని నింపుకుంటూ వాయువు లోపలికి చేరడానికి వారం పట్టింది. అప్పుడుగానీ ఎక్స్-కిరణాలు రాలేదు. ఇంతకాలం కాగితం మీద రాసుకున్న సిద్ధాంతాన్ని ఒక నక్షత్రం మన కళ్ల ముందు నడిచి చూపించింది.

ఇక ఆ రెండు వారాలు. ఎక్స్-కిరణాల్లో ప్రశాంత దశతో పోలిస్తే లక్షల రెట్లు, మామూలు వెలుగులో కొన్ని వందల రెట్లు పెరుగుదల. జూన్ 26 ప్రాంతంలో పరాకాష్ఠ. కొన్ని గడియల పాటు, ఎక్స్-రే ఆకాశంలో కొలబద్దగా వాడే క్రాబ్ నీహారికను పదుల రెట్లు మించి వెలిగింది. అంతకంటే విచిత్రం, ఆ వెలుగు నిలకడగా లేదు. లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన మారికో కిమురా బృందం ప్రపంచమంతటా చిన్నా పెద్దా దుర్భిణులతో చూసినవాళ్ల కొలతలను ఒకచోట చేర్చింది. వాళ్లలో ఇంటి పెరట్లో నుంచి చూసిన ఔత్సాహికులూ ఉన్నారు. భూమి తిరుగుతుంటే ఒక దేశంలో తెల్లవారుతుంది, మరో దేశంలో చీకటి పడుతుంది. ఒకరు వదిలిన చోట మరొకరు అందుకున్నారు. అలా కుట్టిన రేఖలో ఒకే తీరు మళ్లీ మళ్లీ కనిపించింది. వాటి వ్యవధి 100 సెకన్ల నుంచి రెండున్నర గంటల వరకూ ఉంది. అంతకుముందు ఇలాంటి లయబద్ధమైన ఊగిసలాటను ఎక్స్-కిరణాల్లోనే చూశాం. కృష్ణబిలం పక్కన జరిగే అలజడిని 20 సెంటీమీటర్ల దుర్భిణికి కన్ను ఆనించి చూడవచ్చని ఈ నక్షత్రం చూపించింది.

నేనూ చూశాను. జూన్ నెలాఖరు అంటే మనకు నైరుతి రుతుపవనాలు. ప్రతి రాత్రీ డాబా మీదికి వెళ్లడం, మబ్బులు చూసి దిగిరావడం. ఒక రాత్రి రెండు దాటాక మబ్బు విచ్చింది. హంస నడినెత్తికి దగ్గరగా ఉంది. పక్కనున్న మారని నక్షత్రాలతో పోల్చి ఎంత వెలుగుందో అంచనా కట్టి పుస్తకంలో రాశాను. పది నిమిషాలకు మళ్లీ చూస్తే తగ్గింది. నా కన్నే మోసపోయిందనుకుని పోలిక నక్షత్రాన్ని మార్చి చూశాను. తగ్గింది నిజమే. నలభై నిమిషాలు దాటేసరికి మొదటి అంచనా కంటే పైకి లేచింది. అప్పటికి మబ్బు కమ్మేసింది. 7,800 ఏళ్ల కిందట కృష్ణబిలంలోకి జారుతున్న వాయువు తడబాటు అది. తడిసిన డాబా మీద ఒక్కడినే నిలబడి దాన్ని చూశాను. ఆ నాలుగు వరుసలు రాసిన పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

పెద్ద పరికరాలు ఇంకా లోతుకు వెళ్లాయి. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలోని పోషక్ గాంధీ బృందం ఎక్స్-కిరణాల మెరుపుకూ మామూలు కాంతి మెరుపుకూ మధ్య సెకనులో పదోవంతు తేడాను పట్టుకుంది. కృష్ణబిలం నుంచి చిమ్మే ధార ఎంత ఎత్తులో వెలగడం మొదలవుతుందో ఆ తేడా చెబుతుంది. కాంతి పదోవంతు సెకనులో వెళ్లే దూరం 30,000 కిలోమీటర్లు. 7,800 కాంతి సంవత్సరాల దూరం నుంచి చూస్తే అది సూదిమొన కంటే ఎంతో చిన్నది. అయినా కాలాన్ని కొలిచి దాన్ని కొలిచారు. కానరీ దీవుల్లోని పెద్ద దుర్భిణితో చూసినవాళ్లకు వాయుచక్రం నుంచి సెకనుకు 3,000 కిలోమీటర్ల వేగం వరకూ వీస్తున్న గాలి కనిపించింది. లోపలికి పోవలసిన వాయువును ఆ గాలి బయటికి ఎగరగొట్టింది. విజృంభణ రెండు వారాల్లోనే ముగియడానికి ఇదే కారణమని వాళ్లు వాదించారు. నాకు ఈ వాదన సబబుగా కనిపిస్తుంది. ఎందుకంటే చక్రంలో ఇంకా చాలా సరుకు మిగిలే ఉంది. అదే ఏడాది డిసెంబరులో అది మరోసారి, కొద్దిగా, రాజుకుంది కూడా.

జూన్ చివరికి నక్షత్రం చల్లబడుతోంది. జూన్ 30న స్విఫ్ట్ తీసిన చిత్రంలో మాత్రం దాని చుట్టూ ఎక్స్-కిరణాల వలయాలు కనిపించాయి! నక్షత్రానికీ మనకూ మధ్య ఉన్న ధూళి మేఘాల మీద పడి పక్కకు చెదిరిన కిరణాలు అవి. చుట్టుదారిన వచ్చాయి కాబట్టి ఆలస్యంగా చేరాయి. రోజులు గడిచేకొద్దీ ఆ వలయాలు నీటిలో అలల్లా వెడల్పయ్యాయి. గంట మోగడం ఆగాక కొండల మధ్య తిరిగి వచ్చే ప్రతిధ్వని అనుకోండి. ఆ వలయాల కొలతల నుంచి, మధ్యలో ఏ ధూళి మేఘం ఎంత దూరాన ఉందో లెక్కగట్టారు.

ఎక్స్-కిరణాలను వాతావరణం నేల మీదికి రానివ్వదు. అందుకే ఇదంతా ఉపగ్రహాల పని. ఉపగ్రహాలు మనకు అందుబాటులో లేని రోజుల్లో బెలూన్లు ఉండేవి. 1968లోనే టాటా పరిశోధన సంస్థ వారు హైదరాబాద్ నుంచి బెలూన్ ఎగరేసి స్కార్పియస్ ఎక్స్-1 అనే జంట తారను కొలిచారు. 1996 మార్చి 21న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఐఆర్ఎస్-పి3 ఉపగ్రహంలో ఒక చిన్న ఎక్స్-రే పరికరం ఉండేది. జీఆర్ఎస్ 1915+105 అనే మరో కృష్ణబిలం గుండె కొట్టుకున్నట్టు లయగా మెరవడాన్ని అది నమోదు చేసింది. ఆ అనుభవం పునాదిగానే ఆస్ట్రోశాట్ వచ్చింది. 2015 సెప్టెంబరు 28న, అంటే వి404 చల్లారిన మూడు నెలలకు, శ్రీహరికోట నుంచే లేచింది. మూడు నెలలు ముందుగా లేచి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు.

మౌనం నుంచి వచ్చిన మరో పెద్ద మాట చెప్పాలి. న్యూట్రాన్ తారకు గట్టి ఉపరితలం ఉంది. దాని మీద పడిన వాయువు ఢీకొని తన శక్తిని వెలుగుగా వదలాల్సిందే. కృష్ణబిలానికి ఉపరితలం లేదు. సరిహద్దు దాటిన వాయువు తన వేడిని తనతోనే తీసుకుపోతుంది. కాబట్టి ప్రశాంత దశలో కృష్ణబిలాల జంటలు న్యూట్రాన్ తారల జంటల కంటే మసకగా ఉండాలి. హార్వర్డ్‌లో పనిచేసే భారతీయ శాస్త్రవేత్త రమేశ్ నారాయణ్, ఆయన సహచరులు 1997లో ఈ పోలిక ముందుకు తెచ్చారు. పోల్చి చూస్తే, ఒకే రకం కక్ష్యలున్నవాటిలో తేడా వంద రెట్ల వరకూ వచ్చింది. ఆ శక్తి ధారగా బయటికి పోతుండవచ్చని అభ్యంతరం చెప్పినవాళ్లూ ఉన్నారు, అది కొట్టిపారేయదగిన మాట కాదు. అయినా ఒక వస్తువుకు ఉపరితలం లేదని దాని చీకటిని కొలిచి చెప్పే ప్రయత్నం ఇది. ఇంత సాహసమైన ఆలోచన మా చదువుకునే రోజుల్లో వినలేదు.

2024లో మరో సంగతి బయటపడింది. వి404 పక్కనే, మన కంటికి దాదాపు ఆనుకుని, మరో చిన్న నక్షత్రం ఎప్పుడూ కనిపిస్తూనే ఉండేది. దారిన పోయే నక్షత్రం అడ్డొచ్చిందని అందరూ దాని వెలుగును తీసివేసి లెక్కలు వేసుకునేవారు. గాయా ఉపగ్రహం కొలతలతో కెవిన్ బర్జ్ బృందం చూస్తే, అది వి404తో పాటే, అదే దిక్కున, అదే వేగంతో కదులుతోంది. భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి 3,500 రెట్ల దూరంలో ఉంటూ, సుమారు 70,000 ఏళ్లకు ఒక చుట్టు తిరిగే మూడో తోబుట్టువు అది! అంత సన్నటి బంధం తెగకుండా నిలిచిందంటే, కృష్ణబిలం పుట్టినప్పుడు పెద్ద పేలుడు కుదుపు లేనట్టే. అన్నేళ్లూ ప్రతి చిత్రంలో ఉంది, ప్రతిసారీ చెరిపేశాం.

ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి ఇందాకే చీటీ పంపింది: “మళ్లీ ఎప్పుడు వెలుగుతుంది?” అమ్మా, మనకు తెలిసిన విజృంభణలు 1938, 1956, 1989, 2015. మధ్య ఎడం 18, 33, 26 ఏళ్లు. ఇందులో లయ లేదు. ఎవరికీ తెలియకుండా జారిపోయినవి మధ్యలో ఉన్నాయేమో కూడా. కాబట్టి తేదీ చెప్పను. ప్రశాంత దశలో దాని వెలుగు 18వ మాగ్నిట్యూడ్ ప్రాంతం, మన చిన్న దుర్భిణులకు అందదు.

కానీ అదే హంస మండలంలో, డెనెబ్ నక్షత్రానికి తూర్పున, ఎస్ఎస్ సిగ్ని ఉంది. అక్కడ కృష్ణబిలం బదులు శ్వేత కుబ్జ తార, అంటే మామూలు నక్షత్రం ఆయువు తీరాక మిగిలిన చిన్న, బరువైన గుండె. వాయుచక్రం అదే, గండి అదే. మామూలుగా 12వ మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటుంది, సగటున ఏడెనిమిది వారాలకు ఒకసారి 8 వరకూ లేస్తుంది. 1896లో హార్వర్డ్‌లో లూయిజా వెల్స్ దీన్ని కనిపెట్టినప్పటి నుంచి ఔత్సాహికులు వంతులేసుకున్నట్టు కాపలా కాస్తున్నారు. ఈ రాత్రి అది వెలుగుతుండవచ్చు, మసకగా ఉండవచ్చు, అసలు కనిపించకపోవచ్చు. కనిపించకపోతే, ఆ పక్కన మీరు చూడగలిగిన అతి మసక నక్షత్రం ఏదో పటంలో చూసి, దాని అంకె రాసి, దానికంటే తక్కువ అని రాయండి. తేదీ, సమయం మరిచిపోవద్దు. పటాలు, పెన్సిళ్లు బల్ల మీద ఉన్నాయి. దుర్భిణి మైదానంలో చల్లబడుతోంది. నవంబరు ఆకాశం తేటగా ఉంది, హంస పడమటికి వాలుతోంది, ఇంకో రెండు గంటలు దొరుకుతుంది. పదండి.